తాళం చెవి ఎవరి దగ్గరుంది? కాలేజీ వెబ్‌సైట్లు, సోషల్ మీడియాపై పాఠకుల ప్రశ్నలు

డిగ్రీ, పీజీ, ఇంజినీరింగ్ కాలేజీల నుంచి వచ్చిన ప్రశ్నలు ఈ నెల ఒకచోట చేర్చాం. ఒకే తీరువి కలిపేశాం. కాలేజీల పేర్లు మాత్రం తీసేశాం.

ప్రశ్న: వేసవిలో మా కాలేజీ వెబ్‌సైటు కొత్తగా చేయించాం. చూడ్డానికి బాగుంది. కానీ న్యాక్‌కు (కాలేజీలకు గుర్తింపు గ్రేడు ఇచ్చే జాతీయ సంస్థ) పంపిన స్వీయ అధ్యయన నివేదికలో మేమిచ్చిన లింకులు నొక్కితే పేజీ లేదంటోంది. డీవీవీ (మనం పంపిన సమాచారాన్ని న్యాక్ తరఫున సరిచూసేవాళ్లు) నుంచి వివరణ అడుగుతూ మెయిల్ వచ్చింది. పాత సైటు చేసినతను ఫోనెత్తడం లేదు. ఏం చేయాలి?
– ఐక్యూఏసీ (కాలేజీ అంతర్గత నాణ్యతా విభాగం) సమన్వయకర్త, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: డిజైన్ మారితే ఏమీ కాదు, అడ్రసులు మారితేనే చిక్కు. పాత సైటులో ఫైలు ఏ ఫోల్డర్లో ఏ పేరుతో ఉందో అదే నివేదికలో రాసి పంపారు. కొత్తగా చేసినవాళ్లు ఆ ఫైళ్లను వేరే ఫోల్డర్లోకి మార్చి ఉంటారు, లేదా అసలు తెచ్చి ఉండరు. ఈ రెండింట్లో ఏది జరిగిందో ముందు తేల్చుకోండి.

నివేదికలోని లింకులన్నీ ఎక్సెల్ షీటులో ఒక నిలువు వరుసలో పెట్టండి. పక్క వరుసలో ఆ ఫైలు ఇప్పుడెక్కడుందో రాయండి. లింకులు వందల్లో ఉంటే చేత్తో నొక్కుతూ కూర్చోనక్కర్లేదు. స్క్రీమింగ్ ఫ్రాగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ 500 అడ్రసుల వరకు తనే పరీక్షించి ఏది తెగిందో చూపిస్తుంది.

ఫైలు కొత్త చోట ఉంటే పాత అడ్రసు నుంచి దానికి 301 రీడైరెక్ట్ పెట్టించండి. ఇల్లు మారినవాళ్లు పాత గుమ్మానికి బోర్డు కట్టినట్టన్నమాట. సర్వర్ సాఫ్ట్‌వేర్ అపాచీ అయితే హెచ్‌టీయాక్సెస్ అనే సెట్టింగుల ఫైలులో లింకుకు ఒక వరుస చొప్పున రాయాలి. వర్డ్‌ప్రెస్ అయితే రీడైరెక్షన్ అనే ప్లగిన్ ఉంది. మీ ఎక్సెల్ షీటు చేతికిస్తే ఏ డెవలపరైనా ఒక పూటలో ముగిస్తాడు. ఫైలే లేకపోతే మూడు చోట్ల వెతకండి: హోస్టింగ్ కంపెనీ దగ్గరి పాత బ్యాకప్, ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్, విభాగాధిపతుల కంప్యూటర్లు. బ్యాకప్ కోసం ఈరోజే అడగండి, కంపెనీలు వాటిని ఎక్కువ కాలం ఉంచవు. దొరికిన ఫైలును పాత ఫోల్డరు పేరుతో, పాత ఫైలు పేరుతో ఎక్కిస్తే రీడైరెక్ట్ అవసరమే ఉండదు.

ఫైలు ఉన్నా తెరుచుకోకపోతే రెండు అనుమానాలు. పాత సైటు విండోస్ సర్వర్‌పై, కొత్తది లైనక్స్‌పై ఉందేమో చూడండి. ఇంగ్లిష్ పెద్ద అక్షరాలనూ చిన్న అక్షరాలనూ విండోస్ ఒకటిగానే చూస్తుంది, లైనక్స్ వేరుగా చూస్తుంది. ఫైలు పేరు పెద్ద అక్షరాల్లో, లింకు చిన్న అక్షరాల్లో ఉంటే ఇన్నాళ్లూ తెరుచుకున్నది ఇప్పుడు తెరుచుకోదు. రెండోది గూగుల్ డ్రైవ్ లింకు. అది మీ కంప్యూటర్లో బాగానే తెరుచుకుంటుంది, ఎందుకంటే మీరు మీ మెయిల్‌తో లాగినై ఉంటారు. అవతలివాళ్లకు అనుమతి అడగమని వస్తుంది. అందుకే తనిఖీ ఎప్పుడూ లాగిన్ లేకుండా తెరుచుకునే ఇన్‌కాగ్నిటో విండోలో చేయాలి. మా మాటైతే, న్యాక్ పత్రాలు డ్రైవ్‌లో పెట్టొద్దు. ఆ డ్రైవ్ ఎవరో ఒక అధ్యాపకుడి సొంత ఖాతాది అయ్యుంటుంది. ఆయన బదిలీ అయ్యాక జాగా చాలక పాతవన్నీ తుడిచేస్తే అడిగే నాథుడుండడు.

పాత డెవలపర్ ఫోనెత్తకపోవడం గురించి ఒక మాట. డొమైన్ (మీ వెబ్‌సైటు అడ్రసు) ఎవరి పేరుతో రిజిస్టరై ఉందో ఇప్పుడే చూడండి. అది అతని పేరుతో ఉంటే మీ అసలు సమస్య లింకులు కాదు. డొమైన్, హోస్టింగ్ (సైటు ఫైళ్లుండే సర్వర్ జాగా), వాటికి ఇచ్చిన మెయిల్ ఐడీ, ఈ మూడింటి పాస్‌వర్డులూ కాలేజీ దగ్గర ఉండాలి. డెవలపర్‌కు పని జరిగినన్నాళ్లు వేరే లాగిన్ ఇస్తే చాలు.

ప్రశ్న: మా కాలేజీది డాట్ కామ్ అడ్రసు. డాట్ ఏసీ డాట్ ఇన్ తీసుకోమంటున్నారు. తేడా ఏమిటి?
– అధ్యాపకుడు, నల్గొండ

జవాబు: డాట్ కామ్ ఎవరైనా కొనొచ్చు. మీరు రెన్యువల్ మరిచిపోతే ఇంకొకరు కొని జూదం సైటు పెట్టుకోవచ్చు. డాట్ ఏసీ డాట్ ఇన్, డాట్ ఈడీయూ డాట్ ఇన్ విద్యాసంస్థలకు మాత్రమే. కేంద్ర ఐటీ శాఖ కింది ఎర్నెట్ ఇండియా సంస్థ పత్రాలు చూసి ఇస్తుంది. ప్రవేశాల కాలంలో పేరున్న కాలేజీల పేరుతో దొంగ సైట్లు పుడుతుంటాయి కాబట్టి ఈ తేడా విద్యార్థికి పనికొస్తుంది. కొత్తది తీసుకున్నాక పాత డాట్ కామ్‌ను వదిలేయకండి. కొన్నేళ్లు డబ్బు కట్టి నిలబెట్టి, దాన్ని కొత్తదానికి మళ్లించండి.

ప్రశ్న: కాలేజీ పత్రికలోని తెలుగు వ్యాసాలు సైటులో పెట్టాలనుకున్నాం. డీటీపీ సెంటర్ వాళ్లిచ్చిన పేజ్‌మేకర్ ఫైలులోంచి కాపీ చేస్తే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు వస్తున్నాయి. నేరుగా తెలుగులో టైప్ చేసి సేవ్ చేస్తే అన్నీ ప్రశ్నార్థకాలే. రెండూ ఒకటే రోగమా?
– తెలుగు శాఖ, ప్రభుత్వ డిగ్రీ కళాశాల, అనంతపురం జిల్లా

జవాబు: కాదు, రోగాలు రెండు, మందులూ రెండు.

మొదటిది ఫాంటుకు సంబంధించింది. అను వంటి పాత ఫాంట్లలో కంప్యూటర్ లోపల దాచేది తెలుగు అక్షరం కాదు, ఇంగ్లిష్ అక్షరపు సంకేతం. ఫాంటు దానిపై తెలుగు బొమ్మ తొడుగుతుంది. ఆ ఫాంటు లేనిచోట తొడుగు ఊడిపోయి లోపలిది బయటపడుతుంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లో వచ్చిన తొలి వెర్షన్ నుంచే సొంత స్థానం ఉంది. కాబట్టి అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టరులో వేసి తీయండి. అయితే అను ఫాంట్లలోనే వేర్వేరు వెర్షన్లున్నాయి. మీ ఫైలు ఏ వెర్షన్‌దో డీటీపీ వాళ్లనడిగి కన్వర్టరులో అదే ఎంచుకోవాలి, లేదంటే సగం అక్షరాలు తప్పుతాయి.

మార్చాక ప్రూఫు చూడకుండా పెట్టొద్దు. వ్యాసం మధ్యలో ఉన్న ఇంగ్లిష్ మాటలనూ కన్వర్టర్ తెలుగు అనుకుని మార్చేస్తుంది, రెండింటి సంకేతాలూ ఒకటే కాబట్టి. ఇంగ్లిష్ మాటలు, అంకెలు, కొటేషన్ గుర్తులు, వత్తు మీద వత్తు వచ్చే మాటలు (రాష్ట్రం, వస్త్రం వంటివి), ఱ, ఋ, క్ష ఉన్న చోట్లు తప్పక చూడండి. పద్యాలుంటే అరసున్నలు కూడా.

ప్రశ్నార్థకాల సంగతి డేటాబేసుది. మైఎస్‌క్యూఎల్ పాత వెర్షన్లలో, 5.7 వరకు, ఏమీ చెప్పకపోతే టేబుల్ లాటిన్1 పద్ధతిలో తయారవుతుంది. అందులో తెలుగుకు చోటు లేదు. చోటు లేని అక్షరం వచ్చినప్పుడల్లా ప్రశ్నార్థకం రాసి పెట్టుకుంటుంది. డేటాబేసునూ, ప్రతి టేబులునూ, సైటు నుంచి డేటాబేసుకు వెళ్లే కనెక్షనునూ తెలుగుకు చోటున్న యూటీఎఫ్8ఎంబీ4 పద్ధతికి మార్పించండి. మూడింట్లో ఏ ఒక్కటి మిగిలినా ప్రశ్నార్థకాలు పోవు. మార్చేముందు బ్యాకప్ తీయాలి. ఇప్పటికే ప్రశ్నార్థకాలుగా చేరినవి మాత్రం తిరిగి రావు, మళ్లీ టైప్ చేయాల్సిందే.

విద్యార్థుల తెలుగు పేర్లు ఎక్సెల్ నుంచి సీఎస్‌వీగా ఎక్కించేటప్పుడూ ఇలాగే జరుగుతుంది. సేవ్ చేసేటప్పుడు మామూలు సీఎస్‌వీ కాకుండా సీఎస్‌వీ యూటీఎఫ్-8 ఎంచుకోండి.

ఫాంటుకు గూగుల్ ఫాంట్స్‌లో మండలి, నోటో శాన్స్ తెలుగు ఉచితం. వ్యాసం చదివించడానికి ఇవి బాగుంటాయి. రామభద్ర శీర్షికలకే తప్ప పేరాలకు బరువు. ఇంగ్లిష్ సైటుకు పెట్టిన వరుసల ఎడం తెలుగుకు చాలదు. పై వరుస వత్తులూ కింది వరుస గుడులూ కొట్టుకుంటాయి. అక్షరం 17 లేదా 18 పిక్సెళ్లు, వరుసల ఎడం దానికి 1.7 రెట్లు పెట్టి ఫోనులో చూసుకోండి.

ప్రశ్న: ప్రతి సబ్జెక్టుకూ ఒక వాట్సాప్ గ్రూపుంది. మా గ్రూపులోంచి అమ్మాయిల నంబర్లు తీసుకుని ఎవరో రాత్రిళ్లు మెసేజులు పెడుతున్నారు. గ్రూపులు మూసేస్తే పాఠాల సమాచారం ఎలా పంపాలి? టెలిగ్రామ్ మేలా?
– మహిళా అధ్యాపకురాలు, వరంగల్

జవాబు: ముందు ఆ విద్యార్థినుల సంగతి. మెసేజులను స్క్రీన్‌షాట్ తీసి, నంబరు కనబడేలా భద్రపరిచి, ఆ తర్వాతే బ్లాక్ చేయమనండి. బ్లాక్ చేసి చాట్ తుడిచేస్తే ఆధారం పోతుంది. కాలేజీ అంతర్గత ఫిర్యాదుల కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వాలి. సీనియర్ల వేధింపు అయితే అది ర్యాగింగే. యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522 ఉంది.

ఇక గ్రూపు. వాట్సాప్ గ్రూపులో 1,024 మంది వరకు చేరొచ్చు, ప్రతి ఒక్కరి నంబరూ మిగతా అందరికీ కనిపిస్తుంది. అడ్మిన్ మాత్రమే రాసేలా పెట్టినా నంబర్లు దాగవు. చాలామంది అధ్యాపకులు పొరబడేది ఇక్కడే. అందుకని పనిని రెండుగా విడగొట్టండి. ప్రకటనలకు, అంటే టైంటేబుల్, ఫీజు గడువు, సెలవుల వంటివాటికి, వాట్సాప్ కమ్యూనిటీలోని అనౌన్స్‌మెంట్ గ్రూపు వాడండి. అందులో సభ్యుల నంబర్లు ఒకరికొకరికి కనిపించవు, అడ్మిన్లకే కనిపిస్తాయి. కమ్యూనిటీ కింద మళ్లీ చిన్న గ్రూపులు తెరిస్తే వాటిలో మాత్రం కనిపిస్తాయి, అది గుర్తుంచుకోండి. ఛానల్ కూడా నంబర్లు దాస్తుంది కానీ అది బయటివాళ్లకు చూపదగ్గ సమాచారానికే సరిపోతుంది.

పాఠాలు, అసైన్‌మెంట్లు, సందేహాలు గూగుల్ క్లాస్‌రూమ్‌లోనో మూడుల్‌లోనో (కాలేజీ తన సర్వర్ మీద నడుపుకునే బోధన సాఫ్ట్‌వేర్) నడపండి. నెల క్రితం ఇచ్చిన నోట్సు వాట్సాప్‌లో వెతుక్కోవడం కన్నా గడ్డివాములో సూది వెతకడం తేలిక.

టెలిగ్రామ్‌లో 2 జీబీ దాకా ఫైలు పంపొచ్చు, సెట్టింగ్ పెడితే కొత్తగా చేరినవారికీ పాత పోస్టులు కనిపిస్తాయి. నంబరు ఎవరికీ కనబడకుండా దాచుకోవచ్చు, కానీ ఆ సెట్టింగ్ ఎవరికి వారు పెట్టుకోవాలి. మీ కాలేజీ పేరుతో ఇంకొకరు ఛానల్ తెరిచి లీకైన పేపరంటూ డబ్బులు గుంజే బెడద అక్కడ ఎక్కువ. వాడితే ఆ ఛానల్ లింకును కాలేజీ వెబ్‌సైటులో పెట్టి, ఇదొక్కటే మాదని రాయండి. పాత గ్రూపులను ఒకేసారి తీసేయకుండా వారం గడువిచ్చి మూయండి. లింకు ద్వారా చేరే గ్రూపయితే ఆ లింకును రీసెట్ చేయడం మరవొద్దు.

ప్రశ్న: గూగుల్‌లో మా కాలేజీ పేరు కొడితే కింద బెట్టింగ్ యాప్‌ల పేజీలు వస్తున్నాయి. అడ్రసు టైప్ చేసి వెళితే సైటు మామూలుగానే ఉంది. గూగుల్ తప్పా?
– కంప్యూటర్ సైన్స్ శాఖ, తూర్పు గోదావరి జిల్లా

జవాబు: గూగుల్ తప్పు కాదు. మీ సైటులోకి దొంగ దూరాడు. విద్యాసంస్థల అడ్రసులకు గూగుల్‌లో విలువ ఎక్కువని వాళ్లకు తెలుసు. మీ గోడ మీద తమ పోస్టరు అంటించుకుంటున్నారు. గూగుల్ రోబోకూ, గూగుల్ నుంచి వచ్చినవాళ్లకూ ఒక పేజీ, నేరుగా వచ్చినవాళ్లకు ఇంకో పేజీ చూపేలా కోడు రాస్తారు. అందుకే మీకు కనిపించదు.

ఎన్ని పేజీలు దూర్చారో చూడ్డానికి గూగుల్‌లో ఇంగ్లిష్‌లో సైట్ అని రాసి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా మీ డొమైన్ కొట్టండి. తర్వాత ఈ వరసలో వెళ్లండి. సైటును ఉన్నదున్నట్టు ఒక కాపీ తీసి పక్కన పెట్టండి, సర్వర్ లాగులతో సహా. ఎలా వచ్చాడో తెలియాలంటే అవే ఆధారం. హోస్టింగ్, ఎఫ్‌టీపీ (సర్వర్‌కు ఫైళ్లు ఎక్కించే దారి), డేటాబేస్, వర్డ్‌ప్రెస్ అడ్మిన్ పాస్‌వర్డులన్నీ మార్చండి. యూజర్ల జాబితాలో మీకు తెలియని అడ్మిన్ ఉంటే తీసేయండి. అప్‌లోడ్స్ ఫోల్డరులో బొమ్మలు, పీడీఎఫ్‌లే ఉండాలి. అక్కడ పీహెచ్‌పీ (ప్రోగ్రామ్ కోడు) ఫైలు కనబడిందంటే దాదాపు దొంగ దొరికినట్టే. హెచ్‌టీయాక్సెస్ ఫైలు తెరిచి మీరు పెట్టని వరుసలున్నాయేమో చూడండి. వర్డ్‌ప్రెస్, ప్లగిన్లు, థీమ్ మూడూ తీసేసి అసలు చోటు నుంచి దింపి కొత్తగా వేయండి.

శుభ్రం చేసిన వారానికే మళ్లీ వస్తే కారణం ఎక్కువగా ఒకటే: డబ్బు పెట్టి కొనాల్సిన థీమ్‌ను ఎవరో ఉచితంగా ఎక్కడినుంచో తెచ్చి వేశారు. దొంగకు తలుపు అందులోనే ఉంటుంది. ఏళ్ల తరబడి అప్‌డేట్ కాని ప్లగిన్లూ అంతే. వాడనివాటిని ఆపేయడం చాలదు, తీసేయాలి.

చివరగా గూగుల్ సెర్చ్ కన్సోల్ (గూగుల్‌లో మీ సైటు ఎలా ఉందో చూపే సాధనం). మీ సైటు ఓనర్ల జాబితాలో తెలియని మెయిల్ ఐడీ ఉందేమో, మీరివ్వని సైట్‌మ్యాప్ (పేజీల జాబితా) ఉందేమో చూసి తొలగించండి. సెక్యూరిటీ ఇష్యూస్‌లో హెచ్చరిక ఉంటే పని పూర్తయ్యాకే పునఃపరిశీలన కోరండి. దొంగ పేజీలు 404 (పేజీ లేదు) లేదా 410 (తీసేశాం) చూపాలి. వాటిని హోమ్‌పేజీకి మళ్లిస్తే గూగుల్ జాబితాలోంచి పోవడానికి ఇంకా ఆలస్యమవుతుంది. ప్రభుత్వ సంస్థలూ కంపెనీలూ ఇలాంటి చొరబాటును తెలిసిన 6 గంటల్లో సెర్ట్-ఇన్‌కు (సైబర్ దాడులను చూసే కేంద్ర సంస్థ) తెలపాలని 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాలున్నాయి. పరువు పోతుందని దాచొద్దు.

ప్రశ్న: హోమ్‌పేజీ ఫోనులో తెరుచుకోవడానికి అర నిమిషం పడుతోంది. సర్వర్ మార్చాలా?
– ప్రిన్సిపాల్, కరీంనగర్ జిల్లా

జవాబు: సర్వర్ మార్చేముందు స్లైడరులోని (హోమ్‌పేజీలో ఒకదాని తర్వాత ఒకటి మారే బొమ్మల పట్టీ) ఫొటోలు చూడండి. కెమెరాలోంచి తీసింది తీసినట్టు పెడితే ఒక్కొక్కటి 4, 5 ఎంబీ. అలాంటివి ఐదుంటే పల్లెలో సిగ్నల్ అందీ అందని ఫోను ఏం చేస్తుంది? వెడల్పు 1600 పిక్సెళ్లకు తగ్గించి, 75 శాతం నాణ్యతతో వెబ్‌పీ అనే ఫైలు రకంగా సేవ్ చేస్తే ఒక్కోటి 200 కేబీకి అటూఇటూ వస్తుంది. గూగుల్ వారి పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో మీ అడ్రసు వేసి మొబైల్ ఫలితం చూడండి. పేజీలోని అతి పెద్ద భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ కొలత.

అసలు స్లైడర్ అక్కరుందా అన్నది మా ప్రశ్న. విద్యార్థి వచ్చేది పరీక్ష ఫీజు గడువు, టైంటేబుల్, ఫలితాలు, స్కాలర్‌షిప్ కోసం. ఆ నాలుగూ ఫోను తెరమీద వేలితో జరపకుండానే కనబడాలి, ప్రతిదాని పక్కనా తేదీ ఉండాలి. ప్రిన్సిపాల్ సందేశం కింద ఉన్నా ఎవరూ ఏమీ అనుకోరు, మీరు తప్ప. అటూఇటూ పరుగెత్తే స్క్రోలింగ్ వార్తలు ఆపేయండి. నొక్కబోయేలోపే జారిపోతాయి.

ప్రశ్న: ఫేస్‌బుక్ పేజీ నడిపే సారు బదిలీ అయ్యారు. పేజీ ఆయన ఫోనులోనే ఉండిపోయింది. తిరిగి తెచ్చుకోవడం ఎలా?
– ప్రభుత్వ డిగ్రీ కళాశాల, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఆయన్ని అడగడమే దగ్గరి దారి. పేజీ సెట్టింగుల్లోని పేజ్ యాక్సెస్‌లో మీ ఖాతాకు పూర్తి నియంత్రణ ఇస్తే రెండు నిమిషాల పని. అది పేజీ కాకుండా కాలేజీ పేరుతో తెరిచిన వ్యక్తిగత ప్రొఫైల్ అయితే వేరే మాట. ప్రొఫైల్‌కు 5,000 మంది స్నేహితుల హద్దుంది, సంస్థల పేరుతో తెరవడం ఫేస్‌బుక్ నిబంధనలకు విరుద్ధం, ఎప్పుడైనా మూసేయొచ్చు. దాన్ని పట్టుకుని వేలాడకండి. కొత్తగా పేజీ తెరిచి దాని లింకు వెబ్‌సైటులో పెట్టండి.

ఈసారి ముగ్గురికి పూర్తి నియంత్రణ ఇవ్వండి. ముగ్గురూ ఒకే బదిలీల జాబితాలో వెళ్లిపోకుండా చూసి ఎంచండి. ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ ఖాతాలు కాలేజీ అధికారిక మెయిల్‌తోనే తెరవాలి. రెండంచెల భద్రత పెట్టినప్పుడు వచ్చే బ్యాకప్ కోడ్లను ప్రింటు తీసి, కవరులో సీలేసి, ప్రిన్సిపాల్ బీరువాలో పెట్టండి. రిలీవింగ్ ఆర్డరు ఇచ్చేముందు ల్యాబ్ సామాన్లు, లైబ్రరీ పుస్తకాలు అప్పగించినట్టే ఈ ఖాతాలూ అప్పగించాలని నో డ్యూస్ పత్రంలో ఒక గడి చేర్చండి.

ప్రశ్న: మూడుల్ పెట్టుకున్నాం. విద్యార్థులు అసైన్‌మెంటు ఎక్కించబోతే 2 ఎంబీ దాటకూడదంటోంది. మూడుల్‌లో 20 ఎంబీ అని పెట్టినా మారలేదు. ఇంత తంటాలెందుకు, క్లాస్‌రూమ్ వాడితే పోలేదా?
– ఇంజినీరింగ్ కాలేజీ, గుంటూరు

జవాబు: ఇది వరస గేట్ల వంటిది, అన్నింట్లోకీ ఇరుకైనదే లెక్క. సర్వర్‌లోని పీహెచ్‌పీ సెట్టింగుల ఫైలులో రెండు హద్దులుంటాయి: ఒక్కో ఫైలుకు సహజంగా 2 ఎంబీ, మొత్తం ఫారానికి 8 ఎంబీ. మీకు అడ్డం వస్తోంది మొదటిది. ఫైలుకు 20, ఫారానికి 25 పెట్టించి సర్వర్‌ను రీస్టార్ట్ చేయించండి. ఎన్‌జిన్‌ఎక్స్ సర్వర్ అయితే దాని సొంత హద్దు 1 ఎంబీ, అదీ పెంచాలి. ఆ తర్వాత మూడుల్‌లో సైటు మొత్తానికి, కోర్సుకు, ఆ అసైన్‌మెంటుకు విడివిడిగా హద్దులున్నాయి.

అయితే 20 ఎంబీ మాత్రం ఎందుకు? పది పేజీలను ఫోను కెమెరాతో తీసి పంపితే 30 ఎంబీ దాటుతుంది. స్కానింగ్ యాప్‌తో నలుపు-తెలుపులో పీడీఎఫ్ చేస్తే అవే పది పేజీలు 2, 3 ఎంబీల్లో ఇమిడిపోతాయి, చదవడానికీ స్పష్టంగా ఉంటాయి. ఈ ఒక్క పద్ధతి మొదటి క్లాసులో చూపిస్తే సర్వర్‌కూ మీకూ సుఖం.

మూడుల్ నుంచి మెయిళ్లు వెళ్లకపోతే క్రాన్ (సర్వర్ పనులను వేళకు నడిపే ఏర్పాటు) నడవడం లేదని అర్థం, దాన్ని నిమిషానికోసారి నడిచేలా పెట్టాలి. ఎక్కించిన ఫైళ్లుండే మూడుల్‌డేటా ఫోల్డరు వెబ్‌లో కనిపించే ఫోల్డరు బయట ఉండాలి. లేకపోతే విద్యార్థుల జవాబు పత్రాలు ఎవరైనా దింపుకోవచ్చు.

క్లాస్‌రూమ్ తేలికే. సర్వర్ చూసుకునే మనిషి లేని కాలేజీకి మేం అదే చెబుతాం. కానీ అధ్యాపకులు సొంత జీమెయిల్‌తో తెరిస్తే ఆ క్లాసు వాళ్లదవుతుంది, 15 జీబీ నిండితే ఆగిపోతుంది. అర్హత ఉన్న విద్యాసంస్థలకు గూగుల్ వర్క్‌స్పేస్ ఫర్ ఎడ్యుకేషన్ ప్రాథమిక వెర్షన్ ఉచితం, సంస్థ మొత్తానికి 100 టీబీ. దానికి దరఖాస్తు చేసుకుని కాలేజీ డొమైన్‌తో ఐడీలివ్వండి. మంచి ప్రశ్నల బ్యాంకు, నెగెటివ్ మార్కులు, ప్రశ్నలు కలగాపులగం చేసి ఇచ్చే క్విజ్‌లు కావాలంటే మాత్రం మూడుల్‌కు సాటి లేదు. చౌక షేర్డ్ హోస్టింగ్ మీద అరవై మందికి ఒకేసారి క్విజ్ పెట్టకండి. బ్యాచ్‌లుగా పెట్టండి.

ప్రశ్న: రెండేళ్ల క్రితం సైటులో పెట్టిన స్కాలర్‌షిప్ జాబితాలో విద్యార్థుల ఆధార్ నంబర్లు, కులం, ఫోన్ నంబర్లు ఉన్నాయి. లింకు తీసేశాం, అయినా గూగుల్‌లో తెరుచుకుంటోంది.
– కార్యాలయ సిబ్బంది, ఖమ్మం జిల్లా

జవాబు: మీరు తీసింది లింకును మాత్రమే, ఫైలు సర్వర్‌లోనే ఉంది. వర్డ్‌ప్రెస్ మీడియా లైబ్రరీలోకో ఫైల్ మేనేజర్‌లోకో వెళ్లి ఫైలునే తొలగించండి. అడ్రసు కొట్టి 404 వస్తోందో లేదో చూడండి. తర్వాత సెర్చ్ కన్సోల్‌లోని రిమూవల్స్‌లో ఆ అడ్రసు ఇవ్వండి. అది దాదాపు 6 నెలలు ఫలితాల్లోంచి దాస్తుంది. ఫైలు నిజంగా పోయి ఉంటే ఆలోపు గూగుల్ తనే మరిచిపోతుంది. బింగ్‌కు విడిగా చెప్పాలి. వేబ్యాక్ మెషీన్‌లో కాపీ ఉందేమో చూసి తొలగించమని వారికి రాయండి. ఇదే జాబితా మిగతా ఏళ్లవీ ఉంటాయి, అన్నీ వెతకండి.

ఆధార్ నంబరును బహిరంగంగా ప్రదర్శించరాదని ఆధార్ చట్టం సెక్షన్ 29 చెబుతోంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టానికి 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి, దశలవారీగా అమలవుతున్నాయి. రక్షణ చర్యలు తీసుకోనందుకు అందులో గరిష్ఠ జరిమానా 250 కోట్ల రూపాయలు. పద్దెనిమిది నిండని విద్యార్థులున్న డిప్లొమా కాలేజీలు మరింత జాగ్రత్తగా ఉండాలి.

ఇకపై జాబితాలో హాల్‌టికెట్ నంబరు, మంజూరైందా లేదా అన్నది చాలు. ఎక్సెల్‌లో నిలువు వరుసను దాచి పంపితే దాగదు, ఎవరైనా తెరుచుకుంటారు. పీడీఎఫ్‌లో నంబరు మీద నల్ల పట్టీ గీసినా కింద అక్షరాలు అలాగే ఉంటాయి, కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికిస్తే బయటపడతాయి. వరుసను డిలీట్ చేసి, ఆ తర్వాత పీడీఎఫ్ చేయాలి.

ప్రశ్న: నాకు చూపు లేదు, ఎంఏ చదువుతున్నాను. తెర మీదున్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేర్‌తో ఇంగ్లిష్ సైట్లు చదువుకోగలను. మా యూనివర్సిటీ సర్క్యులర్లు తెరిస్తే మాత్రం ఏమీ పలకదు. లోపం నా కంప్యూటర్‌దా?
– విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: మీ కంప్యూటర్‌లో లోపం లేదు. సర్క్యులర్ ప్రింటు తీసి, సంతకం పెట్టి, స్కాన్ చేసి ఎక్కిస్తున్నారు. స్క్రీన్ రీడర్‌కు అది ఫొటో, చదవడానికి అందులో అక్షరమే లేదు. ప్రస్తుతానికి ఆ పీడీఎఫ్‌ను గూగుల్ డ్రైవ్‌లో ఎక్కించి, గూగుల్ డాక్స్‌తో తెరవండి. తెలుగు అక్షరాలను కూడా గుర్తించి పాఠంగా ఇస్తుంది. పట్టికలు, తేదీలు తప్పొచ్చు, ఫీజు గడువు వంటివి ఒకసారి ఎవరితోనైనా సరిచూసుకోండి. ఎన్‌వీడీఏతో వచ్చే ఈస్పీక్ గొంతుకు తెలుగు వచ్చు, సెట్టింగుల్లో ఎంచుకోండి.

శాశ్వత పరిష్కారం యూనివర్సిటీ చేతిలో ఉంది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016ను, ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాల 2023 నాటి 3.0 వెర్షన్‌ను ఉటంకిస్తూ రిజిస్ట్రారుకు దరఖాస్తు పెట్టండి. అడగాల్సింది ఇంత: సర్క్యులర్ పాఠాన్ని యూనికోడ్‌లో పేజీ మీదే పెట్టాలి, సంతకమున్న స్కాన్‌ను కింద జతచేయాలి. ఖర్చేమీ లేదు, టైప్ చేసిన ఫైలు వాళ్ల దగ్గరే ఉంటుంది.

సైటు నడిపేవాళ్లకూ రెండు మాటలు. పది లింకులకూ "ఇక్కడ నొక్కండి" అనే పేరుంటే వినేవారికి ఏది ఏదో తెలియదు, లింకు పేరులోనే విషయం రాయండి. అక్షరానికీ వెనక రంగుకూ తేడా కనీసం 4.5కు 1 ఉండాలి. తెలుపు మీద పసుపు ఆ దరిదాపుల్లోకి రాదు. ఆండ్రాయిడ్ ఫోనులో తెరను చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్లు మూసుకుని మీ సైటులో పరీక్ష ఫీజు గడువు వెతికి చూడండి.

ప్రశ్న: తెలుగులో ఎస్సెమ్మెస్ పంపితే బిల్లు రెట్టింపు వస్తోంది. కొన్ని అసలు చేరడం లేదు.
– ప్రైవేటు డిగ్రీ కాలేజీ, కడప

జవాబు: ఇంగ్లిష్‌లో ఒక ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాలు, తెలుగులో 70. గుడులు, వత్తులూ లెక్కలోకే వస్తాయి. 70 దాటితే 67 చొప్పున ముక్కలై ఒక్కో ముక్కకూ డబ్బు పడుతుంది. "ప్రియమైన విద్యార్థులారా" తీసేసి తేదీతో మొదలుపెట్టండి. చేరకపోవడానికి కారణం టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం డీఎల్‌టీ అనే నమోదు వేదికలో నమోదు చేసిన నమూనాకూ మీరు పంపినదానికీ తేడా ఉండటం. అదనంగా ఒక ఖాళీ, ఒక చుక్క ఉన్నా ఆగిపోతుంది.

ప్రశ్న: వార్షికోత్సవం యూట్యూబ్‌లో లైవ్ ఇద్దామంటే ఫోనులో ఆ బటనే రావడం లేదు. కార్యక్రమం ఎల్లుండి.
– సాంస్కృతిక కమిటీ, నిజామాబాద్

జవాబు: ఈ నిమిషమే ఛానల్‌ను ఫోన్ నంబరుతో ధ్రువీకరించి లైవ్ అనుమతి కోరండి. మొదటిసారి 24 గంటల వరకు పడుతుంది. ఫోను నుంచి లైవ్‌కు కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. లేకపోతే ల్యాప్‌టాప్ వెబ్‌క్యామ్ నుంచో, ఓబీఎస్ సాఫ్ట్‌వేర్‌తోనో ఇవ్వండి, దానికా నియమం లేదు. 720 రిజల్యూషన్‌కు అప్‌లోడ్ వేగం 5, 6 ఎంబీపీఎస్ ఉందో లేదో వేదిక దగ్గరే కొలవండి, ఆఫీసు గదిలో కాదు. సినిమా పాటకు డ్యాన్సులుంటే కాపీరైట్ కింద లైవ్ మధ్యలోనే ఆగొచ్చు. ఉపన్యాసాలు, బహుమతి ప్రదానం లైవ్ ఇచ్చి, డ్యాన్సులను హాలులో చూసేవాళ్లకే వదిలేయండి.